బొబ్బర కాయ మీద పెరిగిన పురుగులు

"నాకూ మెడే వెయ్యమ్మా. నాకు మెడంటేనే ఇష్టం" అంది మా గ్రేస్, కంచం ముందుకు తోసి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం వంటింట్లో భోజనాలకి కూర్చున్నాం. అందరం అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను కోడికూర గిన్నె పట్టుకుని వంగి వడ్డిస్తున్నాను. మా అత్త బంగారమ్మ ఆ మాట విని మురిసిపోయింది. "తల్లి పోలికే వొచ్చింది గుంటకి. దీనమ్మక్కూడా మెడంటే పేణం" అంది. మా ఆయన పరదేశి నవ్వాడు. నేను తొడ ముక్క ఒకటి తీసి గ్రేస్ కంచంలో వేశాను. "నాకొద్దు" అని అది ఆ ముక్కని తీసి వాళ్ళ నాన్న కంచంలో పెట్టింది. ఆయన ఎవరు పెట్టారో కూడా చూడకుండా తిన్నాడు. పిల్లకి పన్నెండేళ్ళు. రెండేళ్ళ కిందటి దాకా తొడ ముక్క కోసం ఏడ్చిన పిల్ల. ఎవరూ లాక్కోలేదు దాని దగ్గర్నుంచి, ఎవరూ తిట్టలేదు. నన్ను చూస్తూ చూస్తూ తనంతట తనే నేర్చేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీద మండిందో మాత్రం అప్పుడు తెలియలేదు.

పదిహేడేళ్ళకి పార్వతీపురం దగ్గర మా ఊరి నుంచి ఈ రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి కోడలిగా వచ్చాను. మేనమామ కొడుకే. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరు. వచ్చిన మొదటి ఆదివారం అత్త కూర పంచింది. తొడలు కొడుక్కి, కార్జం మా మామకి, మంచి ముక్కలు ఆ రోజు వచ్చిన చుట్టాలకి. గిన్నె అడుగున మెడ మిగిలింది. "మెడ తింటావేటే?" అని అడిగింది. "తింటానత్తా" అన్నాను. ఇష్టమని అనలేదు, తింటానన్నాను. ఆ "తింటాను" ఎప్పుడు "ఇష్టం" అయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. గ్రేస్ పుట్టేనాటికి కాలనీలో తెలుగు వాళ్ళందరికీ తెలుసు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా "మా సుగుణకి మెడ ఉంచండి, నేకపోతే అలుగుతాది" అని మా ఆయన జోకు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. నేను రాకముందు ఆ మెడ మా అత్తదే. నేను కాపురానికి వచ్చిన రోజునే ఆవిడ పక్కటెముకల దాకా ఎదిగింది. ఇంకో ఆడది వస్తే గాని ముందున్న ఆడదానికి ముక్క పెరగదు మా ఇంట్లో.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఆడదాని జిహ్వకి మాత్రం రుచి ఏదో ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారు.

ఈ గోలంతా ఇప్పుడెందుకంటే, ఆ రోజుల్లో నా ఉద్యోగం కూడా తిండి గురించే. ఇది తొంభై మూడో సంవత్సరం మాట. అప్పటికి మూడేళ్ళుగా ఊరి అవతల ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పురుగుల గదిలో పని చేస్తున్నాను. గ్రేస్‌ని మిషన్ బళ్ళో వేయాలంటే ఒక్క జీతం చాలదని తేలాక, మా ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, "పొద్దున వంట చేసి ఎళ్ళు, సాయంత్రం వంట వేళకి వొచ్చీ" అన్నాడు. మధ్యలో ఉన్న టైము నాది. పురుగులు పెంచడం నా పని. పంటని తినే పురుగులు కావు, పంటని తినే పురుగుల్ని తినేవి. సెనగ గింజలో సగం కూడా ఉండవు, తల కన్నా కళ్ళే పెద్దగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. నేను వాటిని పెద్దకళ్ళవి అనేదాన్ని. పచ్చపురుగు గుడ్డు కనిపిస్తే ముక్కు గుచ్చి లోపలిదంతా పీల్చేస్తాయి. గుడ్లు దొరక్కపోతే ఆకులో, కాయలో అదే ముక్కు గుచ్చి రసం తాగి బతుకుతాయి.

అక్కడ అందరికీ పెద్ద దూబే సారు. డాక్టరు దూబే. మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. నన్ను పేరుతో పిలవడానికి మూడేళ్ళు చాలలేదు ఆయనకి, పనిమనిషిని పిలిచినట్టు "బాయీ" అనేవాడు. గదిలో మూడు స్టూళ్ళుంటే ఒక్కదాని మీదా నేను కూర్చోకూడదు. నా టీ కప్పు కిటికీ గూట్లో వేరే ఉండేది. కానీ పురుగుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నేనెవరో మర్చిపోయి మొత్తం చెప్పేసేవాడు. "ఇది సర్వాహారి బాయీ. అంటే తెలుసా? అన్నీ తింటుంది" అన్నాడు ఒకరోజు. నాకు తెలియకపోవడమేమిటి. మాడింది, మిగిలింది, చల్లారింది, పులిసింది. మా ఇంట్లో అన్నీ తినేదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏడు దూబే సారు పెట్టుకున్న ప్రయోగం ఇది. ఈ పురుగుల్ని వేలకి వేలు పెంచి పొలాల్లో వదలాలంటే గుడ్లు పెట్టి పోషించడం కష్టం. గుడ్ల కోసం మళ్ళీ బియ్యప్పురుగుల్ని పెంచాలి, వాటి రెక్కల పురుగుల్ని పట్టాలి, గుడ్లు దులపాలి, ఎంతో చాకిరీ. అదే కాయలతో అయితే తేలిక. ఇక్కడ బరబట్టీ అంటారు, మన బొబ్బర కాయలే. గుఢియారీ బజారులో ఎంత కావాలంటే అంత దొరుకుతాయి. పిల్లప్పటి నుంచి ఒక్క బొబ్బర కాయల మీదే పెంచిన పురుగుకి, పెద్దయ్యాక పొలంలో వదిలితే, గుడ్లు తినడం తెలుస్తుందా? అలవాటైన కాయే వెతుక్కుంటుందా? అదీ ఆయన ప్రశ్న. అందుకని కొన్ని డబ్బాల్లో గుడ్లు, కొన్ని డబ్బాల్లో కాయలు మాత్రమే పెట్టి నేను వాటిని గుడ్డులోంచి బయటపడిన రోజు నుంచీ పెంచాను. కాయల డబ్బాల్లో సగం చచ్చిపోయేవి. మిగిలిన సగం నెమ్మదిగా, సన్నగా, చిన్నగా పెరిగేవి. పొద్దున్నే వచ్చి ఎన్ని ఉన్నాయో చూసుకునేటప్పుడు ముందు ఆ డబ్బాలే తెరిచేదాన్ని.

అవి పెద్దవయ్యాక పరీక్ష. ఒక్కొక్క గాజు ప్లేటులో ఒక్క పురుగు. ఒక పక్క కాయ ముక్క, ఇంకో పక్క గుడ్లు అద్దిన చిన్న అట్ట ముక్క. పదకొండున్నరకి పెట్టడం, పన్నెండున్నరకి ఏది ఎక్కడుందో చూసి రాసుకోవడం. పన్నెండున్నరే ఎందుకంటే, సారు అప్పుడు స్కూటరెక్కి భోజనానికి ఇంటికి వెళ్ళాలి. వాళ్ళావిడ పెనం మీంచి తీసిన రొట్టె నేరుగా కంచంలో వేయాలి, ఒక్క నిమిషం చల్లారినా ఆయన తినడు. ఈ సంగతి ఆయనే గొప్పగా చెప్పేవాడు. ఈ గంటలో కాయల మీద పెరిగిన పురుగులన్నీ దాదాపు కాయ మీదే ఉండేవి. సారు రాసుకుని, "చూశావా బాయీ, చిన్నప్పుడు ఏది పెడితే పెద్దయ్యాక నోరు అదే అడుగుతుంది. నన్నే చూడు, ఈ జన్మలో గుడ్డు ముట్టలేదు, ముట్టాలనీ లేదు. సంస్కారం అంటే అదే" అని వెళ్ళిపోయేవాడు. వెళ్తూ వెళ్తూ "ప్లేట్లు కడిగేయ్" అనేవాడు. నేను కడిగేసేదాన్ని.

మే నెలలో ఒకరోజు కుళాయి రాలేదు. రాయ్‌పూర్ ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నీళ్ళు మూడింటికి గాని రావన్నారు. ప్లేట్లన్నీ అలాగే బల్ల మీద వదిలేసి, టిఫిను డబ్బా తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుని తిన్నాను. రెండున్నరకి ఊరికే ఒకసారి తొంగిచూశాను. మొదటి ప్లేటులో పురుగు గుడ్ల అట్ట మీద ఉంది. తప్పిపోయి వెళ్ళిందేమో అనుకున్నాను. రెండో ప్లేటులోనూ గుడ్ల మీదే. ఏడో ప్లేటులో ఒకటి అప్పుడే కాయ దిగి అటు నడుస్తోంది. అట్ట దగ్గర ఆగింది. మీసాలతో తట్టింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ తట్టింది. అది గుడ్డుని పుట్టి ఎరగదు. తినేదని కూడా తెలియదు దానికి. ఎంతసేపటికో ముక్కు గుచ్చింది. గుచ్చాక కదల్లేదు. ఒక గుడ్డు ఖాళీ చేసి రెండోదాని మీదికి పోయింది. నేను ఆ బల్ల మీద మోచేతులు పెట్టుకుని ఎంతసేపు చూశానో తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఒక పురుగుని చూసి ఏడ్చే మనిషిని నేను కాను. కానీ ఏడ్చాను.

మర్నాటి నుంచి కుళాయి వచ్చినా మూడు దాటేదాకా ప్లేట్లు కడగలేదు. గ్రేస్ పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుని, ఆఖర్న మిగిలిన తెల్ల కాగితాల్లో రాయడం మొదలుపెట్టాను. నేను తెలుగులో ఎనిమిది చదివాను. ప్లేటు నంబరు, గంట, పురుగు కాయ మీదుంటే "కా", గుడ్ల మీదుంటే "గు". ఒంటిగంటకి, రెండింటికి, మూడింటికి. మూడు వారాలు రాశాను. ప్రతిరోజూ ఒకటే తంతు. మొదటి గంట కాయ. రెండో గంటకి అటూ ఇటూ తిరుగుడు. మూడింటికల్లా ముప్పైలో ఇరవైకి పైగా గుడ్ల మీద. ఒకసారి రుచి చూసినవాటిని గుర్తుపెట్టుకుని మర్నాడు మళ్ళీ పెడితే, అవి పావుగంటలో నేరుగా గుడ్ల దగ్గరికి పోయేవి. గుడ్ల మీద పెరిగినవాటినీ చూశాను. అవీ మూడింటి లోపు కాస్త కాయ రుచి చూసేవి. దేనితో పెరిగింది దానితోనే ఉండిపోయిన పురుగు నాకు ఒక్కటి కనిపించలేదు. మొదట చెయ్యి పోయేది తెలిసిన తిండి మీదికే, అది నిజం. అలవాటు అంతే చేస్తుంది, మొదటి గంట దానిది.

సారుకి చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. తరవాత, "నీకు ప్లేట్లు కడగమని చెప్పానా, చదవమని చెప్పానా?" అన్నాడు. ఆ తరవాత కొంచెం చదువుకున్నవాడిలా, "ఆకలేస్తే ఎవరైనా ఏదైనా తింటారు బాయీ, దాన్ని ఇష్టం అనరు" అన్నాడు. "కాయ అక్కడే ఉంది కద సార్. నేను తీసెయ్యలేదు కద" అన్నాను. జవాబు దొరకనప్పుడు మగవాళ్ళు గడియారం చూసుకుంటారు. చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "జూన్ రెండో వారంలో జబల్‌పూర్ నుంచి పెద్దసాబ్ వస్తున్నారు. కాయల మీద పెంచినవి పనికిరావని రిపోర్టు ఇచ్చేస్తున్నా. ఇక పెంచే పని ఉండదు, ఈ గది మూసేస్తారు. నీక్కూడా విశ్రాంతి" అన్నాడు.

ఇంట్లో ఆ మాట చెబితే మా ఆయన ముఖంలో దిగులు లేదు. "మంచిదే అయింది. నీకూ ఇంటిపట్టునుండడమే ఇష్టం కదే, గ్రేస్ కోసం ఎల్తన్నావు గాని" అన్నాడు. "నడుం నొప్పి అంటన్నావు. దేవుడు ఇన్నాడు" అంది అత్త. నడుం నొప్పి నాకు ఉద్యోగం వల్ల రాలేదు, ఉద్యోగానికి ముందో పూట, తరవాతో పూట చేసే చాకిరీ వల్ల వచ్చిందని చెప్పబోయి, చెప్పకుండా గిన్నెలు తోముకున్నాను. చెప్పకుండా ఉండడం కూడా నా ఇష్టాల్లో ఒకటని మా ఇంట్లో అనుకుంటారు. "సుగుణ నోరులేని పిల్ల" అని మా మామ చచ్చిపోయేముందు పాస్టరుగారితో మెచ్చుకుని మరీ చచ్చిపోయాడు.

ఆ పురుగుల గది నాకేమిటో వాళ్ళకి ఎలా చెప్పను? అది పెద్ద గదేం కాదు. ఒక కిటికీ, రెండు బల్లలు, కుళ్ళిన కాయల వాసన. కానీ అక్కడ నేను చూసింది చూసినట్టు ఉండేది. "నీకలా అనిపించిందిలే" అనేవాళ్ళు లేరు. మధ్యాహ్నం సారు తిరిగి వచ్చేదాకా రెండున్నర గంటల సేపు ఎవరూ నన్ను పిలవరు. మొదటిసారి నేను కూర్చుని, నా అన్నం నేను వేడిగా కాకపోయినా నెమ్మదిగా తిన్నది ఆ గుమ్మంలోనే. ఆ గది మూస్తే నేను మళ్ళీ పొద్దున్నించి రాత్రి దాకా వాళ్ళు చెప్పిన సుగుణని. జీతం మాట దేవుడెరుగు, ఆ రెండున్నర గంటలూ పోతాయన్నదే నా భయం.

ఆ వారంలోనే ఒకరోజు కాయలు కొనడానికి గుఢియారీ వెళ్ళాను. బరబట్టీ తూయించుకున్నాక, పక్క బండి మీద పళ్ళు. "క్యా దూఁ దీదీ?" అని అడిగింది బండి దగ్గరి ఆడమనిషి. ఏం కావాలి నీకు అని అంతే అడిగింది పాపం. నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. మా ఆయనకి మామిడిపండు, అత్తకి అరటిపండు, గ్రేస్‌కి ద్రాక్ష. ఆడపడుచు వస్తే సపోటా. నాకు? ముప్పై ఏళ్ళు దాటిన మనిషిని, నాకు ఏ పండు ఇష్టమో నాకు తెలియదు! సిగ్గేసింది. బండి మీద ఓ మూల ఆకులతో సహా పెట్టిన జామకాయలున్నాయి, వేసవి కాపు, ఇక్కడ బిహీ అంటారు. ఒకటి కొని, రైలు గేటు వేసి ఉంటే అక్కడ నిలబడి పబ్లిగ్గా కొరికి తిన్నాను. గూడ్సు బండి పోతూనే ఉంది, నేను నములుతూనే ఉన్నాను. గింజలు పళ్ళలో ఇరుక్కున్నాయి. నాకు నచ్చలేదు. జామకాయంటే నాకు ఇష్టం లేదు! ఎవరూ చెప్పకుండా, నేను తిని, నేను తేల్చుకున్న మొదటి సంగతి అది. నవ్వొచ్చింది నాకు, గేటు దగ్గర సైకిలు మీదున్నవాడు ఎగాదిగా చూశాడు.

పెద్దసాబ్ జూన్ పదకొండున వచ్చాడు. తెల్ల మీసాలు, చేతికర్ర, నెమ్మదిగా మాట్లాడే మనిషి. దూబే సారు కొత్త చొక్కా వేసుకున్నాడు. పదకొండున్నరకి ముప్పై ప్లేట్లు నేనే పెట్టాను. పన్నెండున్నరకి ఇద్దరూ వరసగా చూసుకుంటూ వచ్చారు. ఇరవై ఆరు కాయ మీదున్నాయి. "చూశారా సర్, అలవాటైన తిండే. వీటిని పొలంలో వదిలి లాభం లేదు. భోజనానికి మా ఇంట్లో ఏర్పాటు చేశాను" అన్నాడు దూబే సారు. పెద్దసాబ్ తలూపి కర్ర అందుకున్నాడు. సారు నా వైపు చూడకుండానే, "బాయీ, ప్లేట్లు కడిగేయ్" అన్నాడు.

"కడగను సార్" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దూబే సారు, నేను హిందీ సరిగ్గా మాట్లాడలేదనుకున్నట్టు, "ఏమిటి?" అన్నాడు. నాకు వచ్చిన హిందీలోనే గట్టిగా చెప్పాను. "ఈ ప్లేట్లు కడగను. మీరిద్దరూ భోంచేసి మూడింటికి వచ్చి చూడండి. అప్పటికీ ఇవి కాయ మీదే ఉంటే నేనే కడిగి, నేనే ఈ గదికి తాళం వేసి, తాళంచెవి మీ చేతిలో పెట్టి వెళ్ళిపోతాను." సారు ముఖం ఎర్రబడింది. "చదువు లేనిది సర్, పట్టించుకోకండి" అన్నాడు. నేను పైట చెంగులోంచి నోటుపుస్తకం తీశాను. పెద్దసాబ్ చెయ్యి చాపాడు. కాగితాలు తిప్పాడు. "ఇది ఏ భాష?" అన్నాడు. తెలుగన్నాను. "కా" అంటే ఏమిటో, "గు" అంటే ఏమిటో చెప్పాను. ఆయన నన్నూ, పుస్తకాన్నీ, దూబే సారునీ చూశాడు. "ప్లేట్లు అలాగే ఉండనీ. వచ్చి చూద్దాం" అన్నాడు. అంతే. గొప్పగా ఏమీ మెచ్చుకోలేదు. వెళ్ళిపోయారు.

అప్పుడు నేను చేసిన పని, స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాను. దూబే సారు స్టూలే. కూర్చున్నాక భయం పట్టుకుంది. ఒంటిగంట అయింది, ఒక్కటి కదల్లేదు. ఒకటిన్నరకి మూడే మూడు. ఆ రోజు మబ్బు పట్టింది, ఎండ లేకపోతే అవి మందకొడిగా ఉంటాయన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండింటికి ఆరు. నా డబ్బా తెరవలేదు. నేనే చెయ్యి పెట్టి గుడ్ల వైపు తోసేద్దామా అనిపించింది, ఆ మాట దాచడం ఎందుకు. వేలు ప్లేటు దాకా పోయింది కూడా. తోస్తే అది నా ఇష్టం అవుతుంది గాని దాని ఇష్టం కాదు. నా నోట్లో మెడ ముక్క పెట్టినవాళ్ళకీ నాకూ తేడా ఏముంటుందిక? చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ప్రార్థన కూడా చెయ్యలేదు, దేవుడు మాత్రం ఎందుకు తొయ్యాలి! "మీ ఇష్టం తల్లీ, మీ ఇష్టం" అని పైకే అన్నాను వాటితో. రెండుంపావుకి మబ్బు విడి కిటికీలోంచి ఎండ పడింది. ఒకటి కాయ దిగింది. ఆ వెనక ఇంకోటి. నేను లెక్కపెట్టడం మానేసి చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళు మూడు దాటాక వచ్చారు. నేను స్టూలు మీంచి లేవలేదు. లేవాలని గుర్తు రాలేదంటే నిజం. పెద్దసాబ్ కళ్ళజోడు పెట్టుకుని, మొదటి ప్లేటు నుంచి చివరిదాకా వేలు పెట్టి తనే లెక్కపెట్టాడు. ఇరవై రెండు గుడ్ల మీద. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తరవాత, "నీ ప్రశ్న తప్పు కాదు దూబే, నీ భోజనం వేళ తప్పు" అన్నాడు. మొత్తం పరీక్షలన్నీ మళ్ళీ మొదలుపెట్టాలనీ, పొద్దున్నించి సాయంత్రం అయిదు దాకా ప్రతి గంటా రాయాలనీ, దసరా దాకా గది మూసే మాట ఎత్తొద్దనీ చెప్పాడు. రిజిస్టరులో "చూసినవారు" అని ఒక గడి ఉంటుంది. మూడేళ్ళుగా దాంట్లో దూబే సారు పొడి అక్షరాలే. ఆ రోజు గడి ఖాళీగా ఉంది. పెన్ను నేనే అడిగి తీసుకుని సుగుణ అని తెలుగులో రాశాను. దూబే సారు చూశాడు. ఆ సాయంత్రం నాకు టీ రాలేదు. రాకపోతే పోయింది.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కోకుండానే చెప్పేశాను. సోమవారం నుంచి నేను వచ్చేసరికి ఏడవుతుంది, సాయంత్రం వంట నా కోసం ఆగదు, బియ్యం ఎక్కడున్నాయో అందరికీ తెలుసు అని. గ్రేస్ గుమ్మంలో లెక్కలు చేసుకుంటోంది. అత్త మంచం మీంచి లేచి కూర్చుంది. మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"గది మూసెత్తామన్నారు కదే?" అన్నాడు.

"మూయరు. నానే మూయనీలేదు."

"నువ్వా!" అని, కాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కోపం రాలేదు ఆయనకి, అయోమయం వచ్చింది. "ఎందుకే నీకివన్నీ? నీకు ఇల్లంటేనే ఇష్టం కదేటి? మొదట్నించీ నువ్వలాగే కదా."

"మొదట్నించీ అలవాటు బావా. ఇష్టమో కాదో ఇప్పుడే సూత్తన్నాను."

"ఓలమ్మ! అలవాటుకీ ఇష్టానికీ తేడా ఏటే?" అంది అత్త. "నలభై ఏళ్ళు కాపరం సేసినాను, నాకు తెలీదు." అని, ఆ మాట తన చెవిన తనకే ఎలాగో వినపడ్డట్టు ఆగిపోయింది. చేతిలో బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. నాకు ఆవిడ మీద జాలేసింది. అప్పటిదాకా ఎప్పుడూ వెయ్యలేదు.

మా ఆయనకి ఇంట్లో ఇలాంటి నిశ్శబ్దాలు పడవు. ఏదో ఒక జోకు వేసి తేల్చెయ్యాలి. బూటు చేత్తో పట్టుకుని, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ అన్నాడు: "మరైతే నానో? నానూ అలవాటేనేటి నీకు?"

నేను నవ్వుతానని ఆయన ఎదురు చూశాడు. పదహారేళ్ళుగా ఆయన జోకులకి నవ్వే మనిషిని నేనే. గ్రేస్ పెన్సిల్ ఆపి తలెత్తి నా వైపు చూసింది. నేను నవ్వలేదు.

"ఏమో బావా. ఎదర ఒక్కటే పెట్టినారు కదా. రెండోది పెట్టకండా ఎలా తెలుస్తాది?" అన్నాను.